సిరామిక్ బేరింగుకూ శత్రువులుంటాయి

రసాయనాలు, ఉప్పునీరు, వేడి ఆవిరి తగిలే చోట తిరిగే యంత్రానికి బేరింగును ఎంపిక చేయాలంటే దానిపై పడే బరువును లెక్కకట్టడానికి ముందే, దాన్ని రోజూ తాకే ద్రవం ఏమిటో, దాని గాఢత ఎంతో, అది ఎంత వేడిగా ఉంటుందో తెలుసుకోవాలి. అన్నీ అనుకూలించిన పరిస్థితుల్లో బేరింగు లోహపు అలసట వల్ల పోతుంది. అంటే ఒకేచోట లక్షలసార్లు ఒత్తిడి పడడంతో ఉపరితలం కింద సన్నని పగులు పుట్టి, అది పైకి పాకి, చివరికి పెచ్చు ఊడుతుంది. కేటలాగుల్లో ముద్రించే ఆయుష్షు లెక్కలన్నీ ఈ అలసటను ఆధారం చేసుకుని వేసినవే. కఠిన వాతావరణంలో బేరింగు సాధారణంగా ఆ దశ దాకా బతకదు. తుప్పో, యాసిడో, గ్రీజు కడుక్కుపోవడమో దాన్ని అంతకు చాలా ముందే ముగిస్తుంది. ఈ అధ్యాయం సిరామిక్ బేరింగులను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో, వాడదలచుకున్నప్పుడు ఏ పదార్థాన్ని ఎంచి ఎలా బిగించాలో వివరిస్తుంది. సిరామిక్ దేనికీ లొంగదన్న నమ్మకంతో ఖరీదైన బేరింగును కొని, కొద్ది నెలల్లోనే దాన్ని ముక్కలుగా బయటికి తీసే అవస్థ పాఠకుడికి రాకూడదన్నదే దీని ఉద్దేశం.

ఉక్కు ఎక్కడ ఓడిపోతుంది

రోలింగ్ బేరింగు అంటే బుష్షులాగా రాసుకుంటూ జారకుండా, బాల్స్ లేదా రోలర్లు దొర్లడం ద్వారా బరువు మోసే బేరింగు. షాఫ్టుపై కూర్చునే లోపలి రేసు, హౌసింగులో ఇమిడే బయటి రేసు, రెండింటి మధ్య దొర్లే బాల్స్, ఆ బాల్స్ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఎడంగా పట్టి ఉంచే కేజ్ దాని ప్రధాన భాగాలు. వీటికి తోడు గ్రీజు, సీళ్లు ఉంటాయి. బజారులో దొరికే మామూలు బేరింగుల రేసులు, బాల్స్ సుమారు 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కుతో తయారవుతాయి. ఉక్కు తుప్పును తట్టుకోవాలంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి కాబట్టి, ఈ ఉక్కులోని క్రోమియం గట్టిదనానికి పనికివస్తుందే తప్ప తుప్పును ఆపలేదు. పైగా బాల్‌కూ రేసుకూ మధ్య నిలిచే నూనె పొర మందం చాలా సందర్భాల్లో మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే, తక్కువే కనుక, కంటికి కనిపించీ కనిపించని తుప్పు మచ్చ కూడా ఆ పొరను చీల్చి కొత్త పగులుకు చోటు చూపుతుంది. నూనెలో కలిసిన నీరు బేరింగు ఆయుష్షును ఎలా తగ్గిస్తుందో 1977లో కాంట్లీ అనే పరిశోధకుడు రోలర్ బేరింగులపై పరీక్షించి ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం నీరు పది లక్షల భాగాల్లో 100 భాగాల నుంచి 400 భాగాలకు పెరిగితే చాలు, ఆయుష్షు సగానికంటే కిందికి పడిపోతుంది. లీటరు నూనెలో కొద్ది చుక్కల నీరు చేసే నష్టమది.

ఇక్కడ చాలామంది స్టెయిన్‌లెస్ స్టీలు వైపు చూస్తారు, అది సహజమే. అయితే బేరింగులకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిదనం కోసం 1 శాతం దాకా కార్బన్‌ను కలుపుకోవలసి వస్తుంది. 440సీ అనే ఈ రకంలో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉన్నప్పటికీ, దానిలో గణనీయమైన భాగం కార్బన్‌తో కలిసి కార్బైడు రేణువులుగా మారిపోతుంది కనుక, తుప్పును ఆపడానికి మిగిలే క్రోమియం తక్కువ. మంచినీటి తడిని ఇది ఓర్చుకుంటుంది. సముద్రపు నీటిలోని క్లోరైడ్‌కు మాత్రం లొంగిపోతుంది, ఉపరితలం మీద సూదిమొన గుంటలు పడతాయి. ఈ గుంటలు పడే తీరునే పిటింగ్ అంటారు. గిన్నెలకూ రసాయన ట్యాంకులకూ వాడే 316 రకం క్లోరైడ్‌ను ఇంతకంటే బాగా తట్టుకుంటుంది గాని, దాన్ని వేడిచేసి చల్లార్చడం ద్వారా గట్టిపరచడం సాధ్యం కాదు కనుక బాల్ కింద అది నొక్కుకుపోతుంది. తుప్పును ఆపే గుణం, గట్టిదనం ఒకే లోహంలో కుదరకపోవడమే ఉక్కుకున్న అసలు చిక్కు. కార్బన్‌లో కొంత భాగానికి బదులు నైట్రోజన్‌ను కలిపిన ఉక్కులు ఈ చిక్కును చాలావరకు సడలించాయి; కొనేవారు సిరామిక్ దాకా వెళ్లే ముందు ఈ మధ్య మెట్టును ఒకసారి పరిశీలించడం మంచిది.

హైబ్రిడ్, పూర్తి సిరామిక్

సిరామిక్ బేరింగు అన్న మాటతో బజారులో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతాయి. రేసులు ఉక్కువై, బాల్స్ మాత్రమే సిరామిక్‌వైతే అది హైబ్రిడ్ బేరింగు. రేసులు, బాల్స్ రెండూ సిరామిక్‌వైతే పూర్తి సిరామిక్ బేరింగు. ఈ తేడాను ఆర్డరు రాసేటప్పుడే స్పష్టం చేయాలి, ఎందుకంటే యాసిడ్ తొట్టెలో పెట్టవలసిన చోట హైబ్రిడ్ బేరింగు వస్తే దాని ఉక్కు రేసులు మామూలుగానే తుప్పుపడతాయి.

అలాగని హైబ్రిడ్ బేరింగును తక్కువ చేయకూడదు. సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 3.2 గ్రాములు, ఉక్కుది 7.8. బాల్ బరువు ఇలా 40 శాతానికి తగ్గడం వల్ల అధిక వేగంలో అది బయటి రేసును నొక్కే బలమూ తగ్గుతుంది. నూనె పొర తెగిన క్షణంలో ఉక్కూ ఉక్కూ అతుక్కుని చిరిగినట్టు ఉక్కూ సిరామిక్కూ అతుక్కోవు. అమెరికా అంతరిక్ష నౌక స్పేస్ షటిల్ ప్రధాన ఇంజిన్లలో ద్రవ ఆక్సిజన్‌ను తోసే అధిక పీడన పంపు ఇందుకు నిలువెత్తు సాక్ష్యం. ద్రవ ఆక్సిజన్ సమక్షంలో గ్రీజు గాని నూనె గాని వాడితే మండిపోతుంది కనుక ఆ పంపు బేరింగులు అవేమీ లేకుండా, తమ గుండా పారే అతిశీతల ద్రవంలోనే తిరగవలసి వచ్చేది. ఉక్కు బాల్స్ ఆ స్థితిలో త్వరగా అరిగిపోయేవి. సిలికాన్ నైట్రైడ్ బాల్స్ అమర్చిన కొత్త పంపు 1995 జూలైలో ఎస్టీఎస్-70 యాత్రలో మొదటిసారి ఎగిరింది. కందెన దొరకని చోట సిరామిక్ బాల్ చేసే మేలు ఇంతటిది. కానీ అక్కడ ఉన్నది కందెన కరవు, రసాయనపు దాడి కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లనే అనేక తప్పుడు కొనుగోళ్లు జరుగుతున్నాయి.

ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. సిలికాన్ నైట్రైడ్ ఉక్కు కంటే బిగువైనది, అంటే ఒకే బరువు కింద తక్కువగా వంగుతుంది. వంగకపోతే బాల్, రేసు తాకే మచ్చ చిన్నదవుతుంది, బరువంతా ఆ చిన్న మచ్చ మీదే పడుతుంది. 1880 దశకం మొదట్లో హెర్ట్జ్ ఇచ్చిన సిద్ధాంతంతో లెక్కిస్తే, ఒకే కొలతలూ ఒకే బరువూ ఉన్నప్పుడు, హైబ్రిడ్ బేరింగులో స్పర్శ ఒత్తిడి ఉక్కు బేరింగులో కంటే దాదాపు 12 శాతం ఎక్కువ, పూర్తి సిలికాన్ నైట్రైడ్ బేరింగులో దాదాపు 30 శాతం ఎక్కువ. హైబ్రిడ్ బేరింగుల బరువు సామర్థ్యానికి ఐఎస్‌ఓ 20056 అనే ప్రమాణం ఉంది. పూర్తి సిరామిక్ బేరింగుకు అది వర్తించదు. కాబట్టి ఉక్కు బేరింగు కేటలాగులోని అంకెను అదే సైజు పూర్తి సిరామిక్ బేరింగుకు అన్వయించకుండా, ఆ ఫలానా బేరింగుకు ఎంత బరువు, ఎంత వేగం అనుమతించదగినవో తయారీదారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. సిరామిక్ అంటేనే అధిక వేగమన్న అభిప్రాయం హైబ్రిడ్ బేరింగుల వల్ల వచ్చింది; పూర్తి సిరామిక్ బేరింగు, ముఖ్యంగా గ్రీజు లేకుండా పొడిగా తిరిగేది, మితమైన వేగానికీ తేలికపాటి బరువుకూ తగినది.

ఏ సిరామిక్‌కు ఏది పగ

సిలికాన్ నైట్రైడ్ బేరింగు సిరామిక్‌లలో ముందు వరసలో నిలవడానికి కారణం దాని గట్టిదనం ఒక్కటే కాదు. దాని రేణువులు పొడవాటి కడ్డీల్లా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండడం వల్ల పగులు సూటిగా పోలేక మలుపులు తిరుగుతూ శక్తి కోల్పోతుంది. అలసిపోయినప్పుడు కూడా అది ఒక్కసారిగా బద్దలు కాకుండా ఉక్కులాగే పెచ్చు ఊడడంతో సరిపెడుతుంది. బేరింగులకు అది పనికివచ్చింది ప్రధానంగా ఈ గుణం వల్లనే. అయితే దాని తయారీలోనే ఒక బలహీనత దాగి ఉంది. సిలికాన్ నైట్రైడ్ పొడి తనంతట తాను గట్టిపడి ఒక్కటి కాదు; ఇట్రియా, అల్యూమినా వంటి ఆక్సైడ్లను కొద్దిగా కలిపి 1,700 డిగ్రీల సెల్సియస్‌కు పైన కాల్చినప్పుడు ఆ ఆక్సైడ్లు కరిగి, రేణువుల మధ్య సందుల్లో పలచని గాజు పొరగా మిగిలిపోతాయి. పొడిని ఇలా కరగనీయకుండా రేణువులను ఒక్కటిగా అతికించే కాల్పుకు సింటరింగ్ అని పేరు. నాణ్యమైన బాల్స్ తయారుచేసేవారు దానితోపాటు, అన్ని వైపుల నుంచీ వాయువుతో సమంగా నొక్కుతూ కాల్చే పద్ధతిని కూడా వాడి లోపలి రంధ్రాలను మూసివేస్తారు.

యాసిడ్ దాడి చేసేది ఈ గాజు పొర మీదనే. వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్ లేదా సల్ఫ్యూరిక్ యాసిడ్ రేణువులను వదిలి, వాటిని పట్టి ఉంచిన గాజును మెల్లగా కరిగించుకుపోతుంది. పైకి బాల్ నునుపుగానే కనిపించినా లోపల సున్నం ఊడిపోయిన ఇటుక గోడ మాదిరి డొల్లబారి, బరువు పడగానే పొడి రాలుతుంది. పలచని యాసిడ్ మెత్తనిదనుకోవడం ఇక్కడ పొరపాటు, ఎందుకంటే కొన్ని రకాల సిలికాన్ నైట్రైడ్‌లలో గాఢ యాసిడ్ ఉపరితలంపై రక్షక పొరను ఏర్పరచి తానే ఆగిపోతే, పలచని యాసిడ్ ఆగకుండా లోపలికి చొచ్చుకుపోతుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాజునూ సిలికానూ కరిగించే పదార్థం కనుక దాని దరిదాపుల్లోకి సిలికాన్ నైట్రైడ్‌ను తీసుకెళ్లకూడదు. వేడి కాస్టిక్ సోడా కూడా ఉపరితలంపై ఏర్పడే సిలికా పొరను కరిగిస్తూ పోతుంది. ఒత్తిడిలో ఉన్న వేడి ఆవిరి సిలికాన్ నైట్రైడ్‌ను కాలక్రమంలో సిలికాగా, అమ్మోనియాగా విడగొడుతుంది. చల్లని సముద్రపు నీటిలో, మంచినీటిలో, గది ఉష్ణోగ్రత దగ్గరి అనేక ద్రావణాల్లో మాత్రం అది చక్కగా పనిచేస్తుంది. నీటిలో సిలికాన్ నైట్రైడ్ ఉపరితలాలు ఒకదానిపై ఒకటి రాసుకున్నప్పుడు జరిగే రసాయన చర్య వాటిని తామే నునుపు చేసుకునేలా చేస్తుందనీ, ఆ తర్వాత పలచని నీటి పొరే కందెనగా నిలుస్తుందనీ 1987లో టొమిజావా, ఫిషర్ ప్రచురించిన పరిశోధన చూపింది.

జిర్కోనియా కథ వేరు. దాని ఉష్ణ వ్యాకోచం ఉక్కుకు దగ్గరగా ఉండడం, దాని బిగువు కూడా దాదాపు ఉక్కుతో సమానం కావడం వల్ల అది ఉక్కు షాఫ్టుతో తేలికగా సర్దుకుంటుంది. క్షారాలను సిలికాన్ నైట్రైడ్ కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. ధర కూడా సాధారణంగా తక్కువే. దాని దృఢత్వపు రహస్యాన్ని 1975లో నేచర్ పత్రికలో గార్వీ, హానింక్, పాస్కో అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వివరించారు. ఇట్రియా వంటి ఆక్సైడును కలిపి జిర్కోనియా స్ఫటికాలను, గది ఉష్ణోగ్రతలో అవి సహజంగా ఉండకూడని అమరికలో నిలిపి ఉంచుతారు. పగులు వచ్చి తాకిన చోట ఆ స్ఫటికాలు తమ సహజమైన అమరికలోకి మారుతూ దాదాపు 4 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులు కొసను నొక్కి ముందుకు పోనీయదు. ఎంతో చక్కని ఏర్పాటు ఇది. అయితే వేడి నీరు, ఆవిరి తగిలినప్పుడు ఇదే మార్పు పగులేమీ లేకుండానే ఉపరితలం మీద తనంతట మొదలై, గరుకుతనాన్నీ సూక్ష్మమైన పగుళ్లనూ తెచ్చిపెడుతుంది. వంద డిగ్రీలకు అటూ ఇటూ నుంచి మొదలై 250 డిగ్రీల దగ్గర ఇది తీవ్రమవుతుంది. కృత్రిమ తుంటి కీళ్లలో వాడిన జిర్కోనియా తలలు, తయారీలో కాల్పు విధానం మారిన కొన్ని బ్యాచ్‌లలో, మనుషుల ఒంట్లోనే పగిలిపోవడంతో 2001లో వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బేరింగు కొనేవారు దీని నుంచి గ్రహించవలసింది రెండు విషయాలు: ఆవిరితో శుద్ధి చేసే యంత్రాల్లోనూ మరిగే నీటిలోనూ మామూలు జిర్కోనియాను వాడకూడదు, పదార్థం పేరు ఒకటే అయినా కాల్చిన తీరు మారితే అది మరో పదార్థమే అవుతుంది.

అల్యూమినా చవక, రసాయనాలను బాగానే తట్టుకుంటుంది, కానీ పెళుసుతనం వల్ల దొర్లే బేరింగుకు అది అంతగా తగదు. సిలికాన్ కార్బైడ్‌ను గురించి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. యాసిడ్‌లను తట్టుకోవడంలో దానికి సాటి దొరకడం కష్టం. నేరుగా సింటరింగ్ చేసిన రకంలో రేణువుల మధ్య ఆక్సైడ్ గాజు ఉండదు కనుక హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ను కూడా అది ఓర్చుకుంటుంది. సిలికాన్‌ను కరిగించి పోసి తయారుచేసే చవక రకంలో విడి సిలికాన్ మిగిలి ఉండి క్షారాలకు కరిగిపోతుంది కాబట్టి కొనేటప్పుడు ఏ రకమో అడిగి తీరాలి. ఇంత చేసినా దొర్లే బాల్‌గా సిలికాన్ కార్బైడ్ రాణించదు. దాని దృఢత్వం సిలికాన్ నైట్రైడ్‌లో దాదాపు సగమే. అందువల్లనే హైడ్రోక్లోరిక్ యాసిడ్ వంటి ద్రవాలను తోసే సీలు లేని మ్యాగ్నెటిక్ డ్రైవ్ పంపుల్లో దాన్ని బుష్షుగా, అంటే జారే బేరింగుగా, పంపు చేసే ద్రవంలోనే ముంచి వాడతారు. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ వంటి మందుల పరిశ్రమల ప్రాంతాల్లో పనిచేసే నిర్వహణ ఇంజినీర్లకు ఈ పంపులు కొత్తవి కావు. అటువంటి చోట బాల్ బేరింగు కోసం వెతకడం కంటే, బేరింగు రకాన్నే మార్చడం తరచుగా మేలైన దారి.

కేజ్, కందెన

పూర్తి సిరామిక్ బేరింగు విఫలమైనప్పుడు విప్పి చూస్తే చాలాసార్లు బాల్స్, రేసులు బాగానే ఉండి, కేజ్ ఉబ్బిపోయో విరిగిపోయో కనిపిస్తుంది. అందరి దృష్టీ సిరామిక్ మీదే నిలవడంతో ఈ భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు బేరింగుల్లో వాడే నైలాన్ కేజ్ నీటిని పీల్చి ఉబ్బుతుంది, యాసిడ్‌లో ముక్కలవుతుంది. పీటీఎఫ్ఈ, అంటే అంటుకోని పెనాలపై పూసే ప్లాస్టిక్, దాదాపు అన్ని రసాయనాలనూ ఓర్చుకుని 260 డిగ్రీల దాకా నిలుస్తుంది, పైగా బాల్స్‌కు తానే కొంత పూతనిచ్చి కందెనలా పనిచేస్తుంది. కానీ మెత్తనిది కనుక వేగం, బరువు పెరిగితే ఆకారం కోల్పోతుంది. పీక్ అనే ప్లాస్టిక్ బలమైనదే అయినా గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరుగుతుంది. పీవీడీఎఫ్ యాసిడ్‌లకు మంచిది, గాఢ క్షారాలకు పనికిరాదు. కేజ్ లేకుండా చోటంతా బాల్స్‌తోనే నింపిన బేరింగులూ ఉన్నాయి. ఎక్కువ వేడి ఉన్న చోట ప్లాస్టిక్ నిలవదు కనుక వాటిని వాడక తప్పదు, కాని బాల్స్ ఒకదాన్నొకటి ఎదురుగా రాసుకుంటాయి కాబట్టి వేగం బాగా తగ్గించాలి. సిలికాన్ నైట్రైడ్ 800 డిగ్రీల దాకా తట్టుకుంటుందన్న కేటలాగు మాటకు అసలు అర్థం కేజ్, గ్రీజు, సీలు ఏవీ లేనప్పుడు అని.

గ్రీజు వాడే వీలున్న చోట మామూలు ఖనిజ నూనె గ్రీజులకు బదులు రసాయనాలకు చలించని పీఎఫ్‌పీఈ గ్రీజు వాడాలి. దాని ధర ఎక్కువే గాని అది లేకపోతే సిరామిక్‌పై పెట్టిన ఖర్చుకు అర్థం ఉండదు. నీటిలో మునిగి తిరిగే బేరింగుకు నీరే కందెన. కానీ నీటి స్నిగ్ధత, అంటే చిక్కదనం, నూనె చిక్కదనంలో పదుల వంతో వందల వంతో మాత్రమే కాబట్టి, దానిలో బలమైన పొర ఏర్పడదు, అరుగుదల తప్పదు. ఆ నీటిలో ఇసుక గాని సున్నపు పొడి గాని ఉంటే సిరామిక్ కూడా అరుగుతుంది. తుప్పుకూ యాసిడ్‌కూ ఎదురు నిలిచే బేరింగును కొన్న తర్వాత కూడా మట్టిని అడ్డుకునే సీలు, కవచం అవసరమని గుర్తుంచుకోవాలి.

బిగించే పనిలో

ఉక్కు షాఫ్టుపై ఉక్కు బేరింగును ఎక్కించే అలవాటులోనే సిరామిక్ రేసును ఎక్కిస్తే అది పగులుతుంది, పైగా అప్పుడే పగలకుండా యంత్రం వేడెక్కిన తర్వాత పగులుతుంది. దీని లెక్క చేసి చూపడం అవసరం. 6205 బేరింగు లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. 316 స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు 100 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు 40 మైక్రాన్లు పెరుగుతుంది. సిలికాన్ నైట్రైడ్ రేసు రంధ్రం 8 మైక్రాన్లే పెరుగుతుంది. మిగిలిన 32 మైక్రాన్ల ఉబ్బును ఆ రేసే మోయాలి. సిరామిక్ నొక్కుడును అద్భుతంగా భరిస్తుంది, సాగదీతను భరించలేదు. షాఫ్టు లోపలి నుంచి తోయడమంటే రేసును చుట్టూ సాగదీయడమే. జిర్కోనియా రేసు అయితే అదే వేడిలో 26 మైక్రాన్లు పెరుగుతుంది కనుక తేడా 14 మైక్రాన్లకు తగ్గుతుంది, అయినా పూర్తిగా పోదు.

అందువల్ల సిరామిక్ లోపలి రేసును టైట్‌గా కాక వదులుగా, చేతితో నెట్టితే వెళ్లేలా అమర్చి, పని ఉష్ణోగ్రతలో షాఫ్టు పెరిగినా ఖాళీ మిగిలేలా షాఫ్టు కొలతను తగ్గించుకోవాలి. వదులుగా ఉంటే రేసు షాఫ్టు మీద జారి తిరగకుండా, పక్క నుంచి అలల వాషరుతో సున్నితంగా నొక్కి పట్టడమో, షాఫ్టులో గాడి చేసి యాసిడ్‌కు తట్టుకునే రబ్బరు ఓ-రింగు పెట్టడమో చేస్తారు. బయటి రేసు వైపు సమస్య తలకిందులవుతుంది: హౌసింగు వేడికి పెరిగి రేసును వదిలేస్తుంది కనుక అది గూటిలో తిరగడం మొదలుపెడుతుంది, అక్కడ కూడా పక్క నుంచి పట్టే ఏర్పాటు కావాలి. షాఫ్టు మెట్టు, హౌసింగు ముఖం ఖచ్చితంగా సమతలంగా ఉండాలి. ఉక్కు రేసు కొద్దిపాటి వంకరను వంగి సర్దుకుంటుంది, సిరామిక్ రేసు ఆ ఒక్క ఎత్తు బిందువు దగ్గర పగులుతుంది.

బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించే పద్ధతి ఉక్కుకే చేటు, సిరామిక్ విషయంలో దాన్ని నిషేధంగానే పాటించాలి. రేసును ఇండక్షన్ హీటరులో వేడిచేసి ఎక్కించే అలవాటు ఉన్న వర్క్‌షాపుల్లో మరో విషయం గమనించాలి: సిలికాన్ నైట్రైడ్, జిర్కోనియా విద్యుత్తును ప్రసరింపజేయవు కనుక ఆ హీటరులో వేడెక్కవు. బాల్స్‌ను గట్టి బల్ల మీద పడేస్తే, ఉపరితలంపై సీ అక్షరం ఆకారంలో కంటికి కనిపించని పగులు ఏర్పడవచ్చు. తర్వాత అలసట మొదలయ్యేది అక్కడి నుంచే. తయారీదారులు ఇటువంటి పగుళ్లను మెరిసే ద్రవంలో ముంచి అతినీలలోహిత కాంతిలో పరీక్షిస్తారు. కొనుగోలు పత్రంలో సిలికాన్ నైట్రైడ్ బాల్స్ పదార్థానికి ఐఎస్‌ఓ 26602 ప్రమాణాన్నీ, అందులోని తరగతినీ పేర్కొనడం వల్ల సరఫరాదారుపై ఒక బాధ్యత పడుతుంది. జీ5 అని రాసి ఉండడం బాల్ గుండ్రదనం వంటి తయారీ ఖచ్చితత్వాన్ని చెబుతుంది, అంటే ఆ ఆకారంలో తేడా 0.13 మైక్రాన్ మించదని. అది పదార్థపు నాణ్యతను చెప్పదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి మోసపోయేవారు ఉన్నారు.

స్టెయిన్‌లెస్ షాఫ్టు మీద సిరామిక్ రేసు కూర్చున్న చోట ఆ రెండింటి మధ్య మిగిలే సన్నని సందు కూడా ప్రమాదకరమైనదే. సిరామిక్ విద్యుత్ బంధకం కనుక వేర్వేరు లోహాలు తాకినప్పుడు వచ్చే తుప్పు ఇక్కడ రాదు, అది మేలే. కానీ ఆ సందులో నిలిచిన ఉప్పునీటిలో ఆక్సిజన్ అయిపోయి, 316 స్టీలు రక్షక పొర చెదిరి, షాఫ్టే గుంటలు పడుతుంది. అటువంటి చోట షాఫ్టుకు టైటానియం గాని, ఎక్కువ మాలిబ్డినం ఉన్న ఉక్కు గాని ఎంచుకోవాలి. కాకినాడ, విశాఖపట్నం రేవుల దగ్గరి ఉప్పు గాలిలో ఆరుబయట పనిచేసే పంపులకు ఈ జాగ్రత్త ప్రత్యేకంగా వర్తిస్తుంది.

వాడకూడని చోట్లు

భీమవరం పరిసరాల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల మోటార్లకు సిరామిక్ బేరింగులు పెడితే సమస్య తీరుతుందా అని అడిగేవారికి తీరదని చెప్పడమే న్యాయం. ఉప్పునీటి తుంపరలు సీలును దాటి మోటారులోకి చేరుతున్నాయంటే బేరింగు ఒక్కటే కాదు, వైండింగు కూడా దెబ్బతింటుంది. షాఫ్టు మీద నీటిని విసిరికొట్టే రబ్బరు రింగు, మంచి సీలు, పైకప్పు, సరైన గ్రీజు ఇచ్చే లాభం, అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన సిరామిక్ బేరింగు ఇవ్వలేదు. నీటిలోనే తిరిగే నెమ్మది షాఫ్టులకు ప్లాస్టిక్ రేసులు, గాజు లేదా 316 బాల్స్ ఉన్న బేరింగులు, లేక ప్లాస్టిక్ బుష్షులు చవకగా దొరుకుతాయి. బరువు తక్కువైతే అవే చాలు. దెబ్బలు తగిలే క్రషర్లు, ఆగి ఆగి అదిరే యంత్రాలు, షాఫ్టు సరిగా వరస కుదరని పాత పంపులు సిరామిక్‌కు తగిన చోట్లు కావు. సిరామిక్ విఫలమైనప్పుడు ఉక్కులాగా గరగరమని రోజుల తరబడి హెచ్చరించకపోవచ్చు. పగిలిన ముక్కలు ఉక్కు కంటే గట్టివి కనుక పంపులోని ఇతర భాగాలను కూడా కోసివేస్తాయి. ఆహార, మందుల పరిశ్రమల్లో ఆ ముక్కలు ఉత్పత్తిలో కలిసే ప్రమాదాన్ని ముందే ఆలోచించాలి, ఎందుకంటే అయస్కాంతం గాని మామూలు లోహ శోధకం గాని వాటిని పట్టుకోలేదు.

పాల కర్మాగారాల్లో పైపులను విప్పకుండానే శుభ్రం చేసే పద్ధతి, పైన చెప్పినవన్నీ ఒకేచోట కలిసే సందర్భం. మొదట 70 నుంచి 80 డిగ్రీల వేడిలో 1, 2 శాతం కాస్టిక్ సోడా, తర్వాత పలచని నైట్రిక్ యాసిడ్, మధ్యలో వేడినీరు. కొన్ని చోట్ల చివర ఆవిరి. వేడి కాస్టిక్ సిలికాన్ నైట్రైడ్‌ను తింటుంది, ఆవిరి జిర్కోనియాను పాడుచేస్తుంది, నైలాన్ కేజ్ నీటికి ఉబ్బి, యాసిడ్ దశలో దెబ్బతింటుంది. ఏ ఒక్క ద్రవాన్నో చూసి తీర్పు చెప్పకుండా, బేరింగు ఒక వారంలో ఎదుర్కొనే ద్రవాలన్నింటినీ వరసగా రాసుకుని, ప్రతిదానికీ గాఢత, వేడి, తాకే సమయం నమోదు చేయాలి. ఆ జాబితా ఇచ్చినప్పుడే సరఫరాదారు సమాధానానికి విలువ ఉంటుంది.

కొనేముందు ముంచి చూడడం

కేటలాగుల్లో ఉండే రసాయన నిరోధక పట్టికలు సాధారణంగా గది ఉష్ణోగ్రతకు, శుద్ధమైన రసాయనానికి సంబంధించినవి. ప్లాంటులోని ద్రవం ఎన్నడూ శుద్ధమైనది కాదు. అందువల్ల పెద్ద ఆర్డరు ఇచ్చే ముందు, అదే తయారీ బ్యాచ్‌కు చెందిన కొన్ని బాల్స్‌ను, కేజ్ ముక్కను విడిగా తెప్పించి ప్లాంటు ద్రవంలోనే, ప్లాంటు వేడిలోనే కొన్ని వారాలు ముంచి ఉంచాలి. ముంచకముందు ప్రతి బాల్‌నూ మిల్లీగ్రాములో పదో వంతు చూపే తక్కెడతో తూచాలి. ప్రతి వారం ఒకటి రెండు బాల్స్‌ను తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచాలి. మొదటి వారం కొద్దిగా తగ్గి తర్వాత తరుగుదల ఆగిపోతే ఉపరితలంపై రక్షక పొర ఏర్పడిందని భావించవచ్చు. వారం వారం ఒకే వేగంతో తగ్గుతూ పోతే ఆ పదార్థం ఆ ద్రవానికి పనికిరాదు, మరో బ్యాచో మరో పదార్థమో చూడాలి. బరువు మారకపోయినా మెరుపు తగ్గి తెల్లబారిన జిర్కోనియా బాల్‌ను నమ్మకూడదు, ఎందుకంటే స్ఫటికాల అమరిక మారడానికి బరువు తగ్గనక్కర లేదు. సందేహమున్న బాల్స్‌ను, ముంచని బాల్స్‌ను ఒకే ప్రెస్సు కింద జతలుగా పెట్టి ఎంత బరువుకు పగులుతున్నాయో పోల్చి చూస్తే, కంటికి కనిపించని డొల్లతనం బయటపడుతుంది. ఇంతకంటే లోతైన పరిశీలన కావాలంటే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద రేణువుల సందులను చూడగల ప్రయోగశాలను ఆశ్రయించాలి. తెలుగునాట సిరామిక్ పదార్థాలపై పరిశోధన చేసే ఏఆర్‌సీఐ సంస్థ హైదరాబాద్ బాలాపూర్‌లోనే ఉంది. ముంచిన బాల్స్ బరువుల పట్టికను, ద్రవం వివరాలతో పాటు, ఆ యంత్రపు నిర్వహణ రికార్డులోనే భద్రపరచాలి; రేపు ద్రవం గాఢతో సరఫరాదారో మారినప్పుడు పరీక్షను మళ్లీ చేసి పోల్చుకోవడానికి అదే ఆధారం.